మడమలో ముల్లు... గజ్జల్లో బిళ్ల!

నందిగామ పక్క పల్లెల్లో పత్తి తీతల రోజులు. పొద్దున్నే ఆటోలో చేలోకి వెళ్లిన కోడలు సాయంత్రం కాస్త కుంటుతూ ఇల్లు చేరింది. మూడో రోజుకల్లా ఒళ్లు వెచ్చబడింది. గజ్జల్లో రేగుపండంత బిళ్ల. ముట్టుకుంటే నొప్పి. ఏ పాడు గడ్డ లేచిందోనని ఆమె భయం. రేపే విజయవాడ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపిద్దామని భర్త హడావుడి. అత్తగారు మాత్రం బిళ్ల వంక చూడనే లేదు.

"ఏదమ్మా, ఆ కాలిలా చాపు" అంది.

పాదం పైకెత్తి చూస్తే మడమ దగ్గర నల్లటి చుక్క. సర్కారు తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ ఎర్రగా వాచి ఉంది. "ఇదీ సంగతి! ముల్లు తీయించి, ఆ పుండు మాననివ్వండి. బిళ్ల దానంతటదే కరిగిపోతుంది" అని తేల్చేసిందావిడ.

జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా ఈ కథ తెలియని ఇల్లు అరుదు. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. చేతికి పుండైతే చంకలో కడుతుంది. పన్ను పుచ్చితే దవడ కింద, తలలో కురుపులు లేస్తే మెడ వెనక. మన పెద్దవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కానీ ఒక్క ప్రశ్న. ముల్లు దిగింది మడమలో. మధ్యలో పిక్కకు ఏమీ కాలేదు, మోకాలికీ ఏమీ కాలేదు. మరి అంత కింద జరిగిన సంగతి గజ్జలకెలా తెలిసింది?

కాలువ తెచ్చేది... వాగు తీసుకుపోయేది

మెట్ట రైతుకు ఈ సంగతి చెప్పడం చాలా తేలిక. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు జగ్గయ్యపేట, నందిగామ చేలకు వస్తాయి. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలకు, అక్కడి నుంచి పంట బోదెలకు, బోదెల నుంచి మొక్క మొదట్లోకి. వచ్చిన నీరంతా పైరు తాగేయదు కదా! మిగిలింది పల్లం వెతుక్కుంటూ వాగుల్లో పడుతుంది. వాగులు మున్నేట్లో కలుస్తాయి. మున్నేరు వెళ్లి కృష్ణలో కలుస్తుంది. నీళ్లు వచ్చే దారి ఒకటి, పోయే దారి ఇంకొకటి.

ఒంట్లోనూ అంతే. గుండె నుంచి బయల్దేరిన రక్తం ధమనుల్లో ప్రవహించి, వెంట్రుక కన్నా సన్నగా ఉండే కేశనాళికలకు చేరుతుంది. వాటి గోడల్లోంచి నీరు, లవణాలు, చక్కెర, కొద్దిపాటి ప్రొటీన్లు బయటికి ఊరుతాయి. కణాలకు తిండి అందేది ఈ ఊటతోనే. వైద్య విద్యార్థులు చదివే లెక్క ప్రకారం ఇలా రోజుకు దాదాపు 20 లీటర్లు ఊరితే, 17 లీటర్ల దాకా మళ్లీ రక్తనాళాల్లోకే ఇంకిపోతుంది. మిగిలేది సుమారు 3 లీటర్లు.

మూడు లీటర్లే కదా అనుకోకండి. పెద్దమనిషి రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం మొత్తం కలిపి దాదాపు అంతే ఉంటుంది. అంటే, బయటికి ఊరిన ఈ నీటిని ఎవరూ తిరిగి చేర్చకపోతే ఒక్క రోజులోనే ఒళ్లంతా ఉబ్బిపోయి, నాళాల్లో రక్తం చిక్కబడి ప్రాణం మీదికి వస్తుంది. ఆ నీటిని ఒడిసిపట్టి మళ్లీ రక్తంలో కలిపే వాగులూ వంకలే లింఫు నాళాలు. వాటిలో పారే ద్రవం లింఫు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని శోషరసం అంటారు. మామూలుగా గడ్డినీళ్ల రంగులో తేటగా ఉంటుంది.

ఈ నాళాలు వేలి కొసల నుంచి, చర్మం అడుగు నుంచి, పేగుల నుంచి సన్నగా మొదలై, ఒకదాంతో ఒకటి కలుస్తూ పెద్దవవుతాయి. రెండు కాళ్ల నుంచీ, పొట్ట నుంచీ, ఎడమ చేతి నుంచీ వచ్చే లింఫు అంతా ఛాతీలో వెన్నెముక ముందు నుంచి పైకి సాగే ఓ పెద్ద నాళంలోకి చేరుతుంది. అది మూరెడు కన్నా కాస్త తక్కువ పొడవుంటుంది. చివరికి మెడ మొదట్లో, ఎడమ పక్కన పెద్ద సిరలో కలుస్తుంది. మున్నేరు కృష్ణలో కలిసినట్టే అన్నమాట. కుడి చెయ్యి, తల కుడి భాగం, ఛాతీ కుడి పక్క నుంచి వచ్చేది మాత్రం కుడి వైపున వేరుగా కలుస్తుంది.

పంపు లేని ప్రయాణం

రక్తానికి గుండె అనే మోటారు ఉంది. లింఫుకు అలాంటి మోటారేదీ లేదు. మరి పాదం నుంచి మెడ దాకా ఎదురెక్కడం ఎలా? నాళాల్లో అడుగడుక్కీ ఒకవైపే తెరుచుకునే కవాటాలు ఉంటాయి. పైకి వెళ్లిన చుక్క మళ్లీ కిందికి జారదు. నాళాల గోడలు వాటంతటవే ముడుచుకుంటూ కొంత నెడతాయి. నడిచేటప్పుడు పిక్క కండరాలు పిండుతూ ఇంకొంత నెడతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లోపలికి లాక్కుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సులో కాళ్లు కిందికి వేలాడేసి కదలకుండా కూర్చుంటే నందిగామ వచ్చేసరికి చెప్పులు బిగుతైపోవడానికి ఒక కారణం ఇదే. దిగి నాలుగడుగులు వేస్తే మళ్లీ సర్దుకుంటుంది.

ఈ సంగతి తెలిసి ఉంటే చేలో ప్రాణాలూ దక్కుతాయి. పాము కాటేసినప్పుడు, ముఖ్యంగా రక్తపింజర లాంటివి కరిచినప్పుడు, విషంలోని పెద్ద పెద్ద ప్రొటీన్లు ఎక్కువగా లింఫు నాళాల దారి పట్టుకునే పైకి వెళ్తాయి. కాటు పడ్డ కాలితో పరుగెత్తితే పిక్క కండరాలే విషాన్ని పైకి తోడిపోసినట్టు అవుతుంది. అందుకే కరిచిన కాలును కర్ర కట్టి కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు డాక్టర్లు. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం... ఇవేవీ చేయకూడదు. కాటు పడ్డ కాసేపటికే గజ్జల్లో నొప్పి మొదలైందంటే విషం ఎక్కుతోందని గుర్తు.

మనిషి కంట పడింది ఆలస్యంగానే

ఇంత పని చేసే వ్యవస్థ చాలాకాలం ఎవరి దృష్టికీ సరిగా రాలేదు. కారణం, దాని నీరు రంగు లేనిది కావడమే. 1622లో గాస్పరే అసెల్లీ అనే ఇటలీ వైద్యుడు అప్పుడే కడుపునిండా తిన్న కుక్క పొట్ట కోసి చూస్తున్నాడు. పేగుల మీద తెల్లటి దారాలు కనిపించాయి. నరాలేమో అనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం బయటికి వచ్చింది. తిన్న తిండిలోని కొవ్వు పేగుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్లదు. ముందు లింఫు నాళాల్లోకే వెళ్తుంది. అందుకే ఆ తెలుపు. నేతి పప్పన్నం తిన్న రెండు మూడు గంటలకు మన ఒంట్లోనూ అదే జరుగుతుంది.

ఛాతీలోని పెద్ద నాళం సంగతి 1651లో జాన్ పెకే అనే ఫ్రెంచి వైద్యుడు వెల్లడించాడు. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలు గడిచినా కథ పూర్తి కాలేదు. మెదడుకు లింఫు నాళాలే ఉండవని పుస్తకాలన్నీ చెబుతూ వచ్చాయి. 2015లో ఎలుకల మెదడు పొరల్లో అవి ఉన్నాయని శాస్త్రవేత్తలు చూపించారు. తర్వాత మనుషుల్లోనూ కనిపించాయి.

దారిలో చెక్‌పోస్టులు

ఇక మళ్లీ మన బిళ్ల దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి వచ్చే జాతీయ రహదారి ఆంధ్రలోకి అడుగుపెట్టే చోట, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఆ పేరు టీవీల్లో మారుమోగింది. ఎవరొచ్చినా అక్కడ ఆగాలి, కాగితాలు చూపించాలి. లింఫు దారిలోనూ అలాంటి చెక్‌పోస్టులు ఉన్నాయి. అవే లింఫు గ్రంథులు. మనిషి ఒంట్లో 500 నుంచి 800 దాకా ఉంటాయి. మామూలప్పుడు కందిగింజంత నుంచి చిక్కుడుగింజంత సైజులో ఉండి, చేతికి తగలను కూడా తగలవు. గజ్జల్లో, చంకల్లో, మెడలో, పొట్ట లోపల, ఊపిరితిత్తుల మొదట్లో గుంపులు గుంపులుగా ఉంటాయి. కాలి నుంచి వచ్చే లింఫు చాలావరకు గజ్జల్లోని గుంపును దాటకుండా పైకి పోలేదు.

ముల్లు దిగినప్పుడు దాంతోపాటు మట్టిలోని బ్యాక్టీరియా లోపలికి వెళ్లింది. అక్కడ కాపలా ఉండే కణాలు వెంటనే మీద పడతాయి. వాటిలో కొమ్మలు చాచినట్టుండే ఓ రకం కణాలు ఉన్నాయి. డెండ్రైటిక్ కణాలంటారు. శత్రువును మింగి, దాని ముక్కను తమ ఒంటిమీద జెండాలా తగిలించుకుని, లింఫు నాళంలో పడి గజ్జల్లోని గ్రంథికి చేరుకుంటాయి. అంటే మడమ నుంచి కబురు మోసుకొచ్చేది ఇవే! వీటిని 1973లో గుర్తించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించారు. విచిత్రం, విషాదం ఏమిటంటే, ఆ ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశారు. ఆ సంగతి నోబెల్ కమిటీకి అప్పటికి తెలియదు.

గ్రంథిలో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు లక్షల్లో కాచుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం శత్రువును మాత్రమే గుర్తుపడుతుంది. తాళాల గుత్తిలో ఒక్కో తాళంచెవి ఒక్కో తాళానికే సరిపోయినట్టు! కబురు తెచ్చిన కణం తన జెండాను ఒక్కొక్కరికీ చూపిస్తూ తిరుగుతుంది. సరిపోయే కణం దొరికిందా, అది ఒకటి రెండై, రెండు నాలుగై కొద్ది రోజుల్లోనే వేలల్లోకి పెరుగుతుంది. వాటిలో టి కణాలు కొన్ని నేరుగా దాడికి దిగుతాయి, కొన్ని మిగతావాటిని నడిపిస్తాయి. బి కణాలు ప్రతిరక్షకాలను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి.

గ్రంథి ఉబ్బేది సరిగ్గా ఇప్పుడే. లోపల సైన్యం పెరిగింది. రక్తం నుంచి అదనపు బలగాలు వచ్చి చేరాయి. పైపొర సాగడంతో నొప్పి పుట్టింది. అదే మనం చూసే బిళ్ల! అంటే బిళ్ల కట్టడం అనేది జబ్బు కాదు, జబ్బుతో జరుగుతున్న పోరు. అత్తగారు బిళ్లను వదిలేసి పాదం చూడటంలో ఇంత శాస్త్రం ఉంది. బిళ్లను పిసకడం, కాపడం పెట్టి పగలగొట్టాలని చూడటం, సున్నం, పసుపు పట్టు వేసి పుండు సంగతి మరిచిపోవడం... ఇవన్నీ చెక్‌పోస్టును కొట్టి దొంగను వదిలేయడం లాంటివి.

పోరు ముగిశాక సైన్యంలో ఎక్కువ భాగం చనిపోతుంది. బిళ్ల కరుగుతుంది. కొన్ని కణాలు మాత్రం ఆ శత్రువును గుర్తుపెట్టుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. టీకాల రహస్యం కూడా ఇదే. జబ్బు రాకుండానే జబ్బు ఆనవాలును గ్రంథులకు చూపించడం. 2021లో కరోనా టీకా వేయించుకున్న కొందరికి అదే వైపు చంకలో బిళ్ల కట్టడం గుర్తుండే ఉంటుంది. పసిబిడ్డకు బీసీజీ వేశాక కొన్నిసార్లు ఎడమ చంకలో చిన్న బిళ్ల కనిపిస్తుంది. చాలావరకు భయపడక్కర్లేదు. బాగా పెరిగినా, చీము పట్టినా డాక్టరుకి చూపించాలి.

బంధువులు ఇంకా ఉన్నారు

ఈ కాపలా కుటుంబంలో ఇంకొందరున్నారు. గొంతులో రెండు పక్కలా ఉండే టాన్సిళ్లు నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చేవాటిని తనిఖీ చేస్తాయి. పిల్లల్లో ఇవి సహజంగానే పెద్దగా ఉంటాయి. కాస్త వాచినంత మాత్రాన ఆపరేషన్ అవసరం లేదు. ఛాతీలో గుండె పైన ఉండే బాలగ్రంథి టి కణాలకు బడి. ఎముకల మూలుగలో పుట్టిన కణాలు అక్కడికి వెళ్లి, సొంత కణాలేవో పరాయివేవో నేర్చుకుని బయటికి వస్తాయి. పరీక్ష తప్పినవి అక్కడే చనిపోతాయి. పేరుకు తగ్గట్టే చిన్నతనంలో చురుగ్గా ఉండి, వయసు పెరిగేకొద్దీ ఇది కుంచించుకుపోతుంది. పొట్టలో ఎడమ పక్కన ఉండే ప్లీహం లింఫును కాకుండా రక్తాన్ని వడపోస్తుంది. మలేరియా పదేపదే వచ్చినవాళ్లకు 'పొట్టలో బల్ల పెరిగింది' అనేవారు చూడండి, ఆ బల్ల చాలాసార్లు ఉబ్బిన ప్లీహమే.

ఒక్క పేరు మాత్రం తికమక పెడుతుంది. గవదబిళ్లలు. పేరులో బిళ్ల ఉన్నా అవి లింఫు గ్రంథులు కావు. చెవి కింద ఉండే లాలాజల గ్రంథులు వైరస్ వల్ల వాచడమే గవదబిళ్లలు.

వాగుకు అడ్డుకట్ట పడితే?

2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. నీళ్లు పోయే దారి చాలకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంట్లోనూ పోయే దారి మూసుకుపోతే జరిగేది అదే. తెలుగునాట దానికి అందరికీ తెలిసిన పేరు బోదకాలు. ఆయుర్వేదంలో శ్లీపదం అన్నారు.

దీనికి కారణం దారప్పోగులాంటి ఓ పురుగు. ఫైలేరియా పురుగు అంటారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని ఒకరి నుంచి ఒకరికి మోస్తుంది. ఒంట్లోకి చేరిన పురుగులు ఏరికోరి లింఫు నాళాల్లోనే కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, సరిగ్గా దోమ కుట్టే వేళకి! అందుకే ఫైలేరియా సిబ్బంది రక్తపరీక్షకు రాత్రుళ్లు ఇళ్లకు వచ్చేవారు. దోమ ఈ జబ్బును మోస్తుందన్న సంగతికి తొలి ఆధారం 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడికి దొరికింది.

నాళాలు సాగిపోయి, కవాటాలు పాడయ్యాక లింఫు కాల్లోనే నిలిచిపోతుంది. అది ఒట్టి నీరైతే వేరు, అందులో ప్రొటీన్లున్నాయి. నిలిచినకొద్దీ చర్మం కింద గట్టిపడుతుంది. మగవాళ్లకు వృషణాల చుట్టూ నీరు చేరి వరిబీజం అవుతుంది. అంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటి. చెక్‌పోస్టుకు కబురు వెళ్లే దారే దెబ్బతింది కాబట్టి, ఆ కాలికి చిన్న పగులు వచ్చినా బ్యాక్టీరియా విజృంభిస్తుంది. చలిజ్వరం, కాలు ఎర్రబడి భరించలేని నొప్పి. అలా జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతుంది.

డెల్టా జబ్బు కదా, మెట్టకు ఏం సంబంధం అనుకునేవారూ ఉన్నారు. కోస్తాలో ఇది ఎక్కువే. కానీ దోమకు డెల్టా, మెట్ట తేడా తెలియదు. మురుగుకాలువ, మూత లేని సెప్టిక్ ట్యాంకు ఉన్న ఏ పట్నమైనా దానికి చాలు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

ఈ పురుగు మీద ప్రపంచమంతా వాడుతున్న మందు వెనక ఓ తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన పరిశోధన విభాగానికి సారథి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు కోసం వెతుకులాట మొదలైంది. సుబ్బారావు బృందం వందల రసాయనాలను వడగట్టి 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను వెలుగులోకి తెచ్చింది. హెట్రజాన్ అన్న పేరుతో బజారులోకి వచ్చింది అదే. పొట్టి పేరు డీఈసీ.

మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఇంటింటికీ తిరిగి ఏటా పంచిన మాత్ర ఇదే. తర్వాత ఆల్బెండజోల్ జతచేశారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి ఇస్తున్నారు. 2027 నాటికి బోదకాలును దేశం నుంచి తరిమేయాలన్నది కేంద్రం లక్ష్యం. అయితే చాలామంది 'నాకేం జబ్బు లేదు, నాకెందుకు?' అని మాత్ర తీసుకుని గూట్లో పడేస్తారు. చిక్కంతా అక్కడే. పురుగు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పైకి ఏమీ కనిపించదు. వాళ్ల రక్తం నుంచే దోమ పిల్లపురుగులను తీసుకెళ్లి పక్కింటి పిల్లాడికి అంటిస్తుంది. మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తే అది చాలావరకు లోపల పురుగులు చస్తున్నాయనడానికి గుర్తు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. ఖాళీ కడుపుతో మింగకూడదు.

సుబ్బారావుకు లింఫుతో ఇంకో చుట్టరికమూ ఉంది. లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగిపోయే రక్తక్యాన్సర్ పిల్లల్ని బలితీసుకుంటున్న రోజులవి. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది తాత్కాలికంగానైనా తేరుకున్నారు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దానికి తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. మాతృదేశానికి తిరిగి రానేలేదు.

సబ్బు, నీళ్లు, మెత్తటి గుడ్డ

ఒకసారి లావెక్కిన కాలును మాత్ర మళ్లీ సన్నగా చేయలేదు. అలాగని చేతులెత్తేయక్కర్లేదు. రోజూ కాలును సబ్బుతో, మామూలు నీళ్లతో మెత్తగా కడగాలి. మడతల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. పగులుకో, ఒరుపుకో మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుపీట మీద పెట్టుకోవాలి. మడమ పైకీ కిందికీ ఆడించాలి. చెప్పుల్లేకుండా నడవకూడదు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ జ్వరాలు తగ్గేది, కాలు ఇంకా లావెక్కకుండా ఉండేది దీంతోనే. జ్వరం వచ్చినప్పుడు మాత్రం తిరగకుండా పడుకుని, డాక్టరు ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి. వరిబీజానికైతే ఆపరేషన్ ఉంది, నయమవుతుంది. సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు. రొమ్ముక్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేసిన కొందరు ఆడవాళ్లకు చెయ్యి వాస్తుంది. అదీ దారి మూసుకుపోవడం వల్లే. వాళ్లకూ ఇవే జాగ్రత్తలు పనికొస్తాయి.

ఈ జబ్బున్నవాళ్లను అసలు కుంగదీసేది నొప్పి ఒక్కటే కాదు. పెళ్లిళ్లకు పిలవకపోవడం, కూలికి తీసుకెళ్లకపోవడం, పక్కన కూర్చోకపోవడం. బోదకాలు ఉన్న మనిషిని తాకితే అంటుకోదు. అంటించేది దోమే. ఇంట్లో ఆ కాలు ఉన్న అత్తగారో, పెదనాన్నో ఉంటే రోజూ కాలు కడిగేటప్పుడు ఓ పది నిమిషాలు చెయ్యి సాయం చేయండి. ఏ మందుకూ తీసిపోదు.

ఏ బిళ్లకు భయపడాలి?

చివరగా ఓ ముఖ్యమైన మాట. పుండు, జలుబు, పంటినొప్పి ఉండి, నొప్పితో వచ్చి, రెండు వారాల్లో తగ్గుముఖం పట్టే బిళ్లకు కంగారు పడనక్కర్లేదు. ఏ కారణమూ కనిపించకుండా వచ్చిన బిళ్ల, రెండు మూడు వారాలైనా తగ్గనిది, పెరుగుతూ పోయేది, రాయిలా గట్టిగా ఉండి కదలనిది, మెడ కింద ఎముక పైన వచ్చినది... వీటిని మాత్రం వెంటనే చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ధీమా పనికిరాదు. లింఫు గ్రంథుల క్యాన్సర్ చాలాసార్లు నొప్పి లేకుండానే మొదలవుతుంది.

మెడ పక్కన బిళ్లలు వరసగా లేచి, సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం ఉంటే టీబీ కావచ్చు. పెద్దలు గండమాల అన్నది చాలావరకు ఇదే. సూదితో కొద్దిగా తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. సర్కారు ఆసుపత్రుల్లో మందులు ఉచితం. సాధారణంగా ఆరు నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. దానికి మంత్రాలూ, పసర్లూ అంటూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు.

ఇంతకీ మన కోడలి సంగతి? ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ముల్లు తీసి, పుండు కడిగి కట్టు కట్టింది. ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ ఇచ్చింది. డాక్టరు రాసిన మాత్రలు ఐదు రోజులు వాడాక నడక సర్దుకుంది. బిళ్ల రెండో వారానికి చేతికి తగలకుండా పోయింది. విజయవాడ ప్రయాణం అవసరం పడలేదు. అయినా అత్తగారు ఊరుకోలేదు. మళ్లీ చేలోకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఆపి ఒకటే అడిగింది.

"చెప్పులేసుకున్నావా?"